బావగారి కెమెరా, అత్తగారి ప్రసంగం

ఇరవై రెండేళ్లుగా టీవీలు బాగుచేస్తున్న ఆ మెకానిక్ రకరకాల మూర్ఖుల ఇళ్లలో అడుగుపెట్టాడు. వాళ్లందరినీ కలిపి కట్టినా తన బావగారి, అదే భార్య అన్న, ముందు దిగదుడుపేనని అతని గట్టి నమ్మకం.

ఆ పెద్దమనిషి ఖరీదైన కామ్‌కార్డర్ కొన్నాడు. ఎలా వాడాలో చెప్పే పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. వాళ్లమ్మ ముప్పై అయిదేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాడు, సభంతా తానే తీస్తానని రొమ్ము విరుచుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద మనుషులు నీళ్లలో నానిన బొమ్మల్లా కనిపించారు.

“నువ్వు చెయ్యి పెట్టినప్పట్నుంచీ ఈ టీవీ ఇలాగే తగలడింది బావా!” అని మెకానిక్ మీద పడ్డాడు.

మెకానిక్ టీవీ వెనక్కి వంగాడు. అనుకున్నంతా అయింది. అంత కెమెరాకూ పాతకాలపు పసుపు పిన్ను వైరు తగిలించాడు మహానుభావుడు. మెకానిక్ కెమెరా డబ్బాలో కవరైనా చించని హెచ్‌డీఎంఐ వైరు తీసి గుచ్చాడు. చివరంటా పెంచిన రంగులూ షార్ప్‌నెస్సూ రిమోట్‌తో తగ్గించాడు. బొమ్మ అద్దంలా తేలింది.

“చూశారా, నా కెమెరా అంటే మాటలా!” బావగారు కాలరు సవరించుకున్నాడు.

బొమ్మ తేలాక గానీ ఆయన పనితనం బయటపడలేదు. జూమ్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. సీలింగు ఫ్యాను, తన కారు, ఎవరిదో బట్టతల, మళ్లీ తన కారు. అత్తగారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంది. అంతే, తర్వాత టిఫిన్ల బల్ల వచ్చింది.

“నేను మాట్లాడింది ఏదిరా?”

“బ్యాటరీ అయిపోతుందని ఆపానమ్మా. ఫొటోల్లో ఉంటుందిలే.”

“మాటలు ఫొటోల్లో ఉంటాయట్రా?”

ఆవిడ కొడుకు వైపు ఒక్క చూపు చూసి, అల్లుడి వైపు తిరిగింది. “బాబూ, అది నువ్వు తీసుకో. మళ్లీ చెప్తాను.”

మెకానిక్ ఆవిడ కుర్చీని కిటికీ వెలుగుకు ఎదురుగా జరిపాడు. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి కెమెరా వాటి మీద పెట్టాడు. జూమ్ ముట్టుకోలేదు.

మొదటి రోజు బోర్డు మీద తను వేసిన గుణకారం తప్పని, వెనక బెంచీ పిల్ల లేచి చెప్పిందని ఆవిడ మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. మెకానిక్ భార్య నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“కాస్త జూమ్ చెయ్యొచ్చుగా!” వెనక నుంచి బావగారు.

“నువ్వు నోరు ముయ్యరా” అని ఆవిడ తిరిగి గుణకారంలోకి వెళ్లిపోయింది.

ఆ రెండు ముక్కలూ రికార్డయ్యాయి. తీసెయ్యమని ఎవరూ అడగలేదు.