డాక్టరమ్మకు వచ్చిన ఫోను

దయ్యాలూ శకునాలూ నేనెన్నడూ నమ్మలేదు. తూనికలు, కొలతల శాఖలో ముప్ఫయ్యేళ్లు పనిచేశాను. కొలతకు అందనిది కాగితం మీద పెట్టే అలవాటు లేదు. ఇదొక్కటే పెడుతున్నాను.

హైటెక్ సిటీ లేస్తున్న రోజులు. ఇంటర్నెట్ కేబుల్ కోసం మారేడ్‌పల్లిలో మా వీధి తవ్వేశారు. ఆ తవ్వకంలో మా ఫోను లైను తెగి పన్నెండు రోజులు పలకలేదు. ఫిర్యాదు నంబరు నా డైరీలో ఉంది.

అప్పుడే మా మనవరాలు హారికకు రక్త క్యాన్సర్‌కి మూలకణ మార్పిడి జరిగింది. ఏడేళ్ల పిల్ల. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి లేదు. పువ్వుల మీదా పాత కాగితాల మీదా ఉండే బూజు గాలితో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని, అవేవీ ఆసుపత్రి గదిలోకి రానిచ్చేవారు కాదు. అందుకని డైరీ ఇంటికొచ్చే రాసుకునేవాణ్ని.

"తాతయ్యా, నా దగ్గులు కూడా రాసేస్తావేటి?" అని మాస్కు చాటున నవ్వేది.

ఒక సాయంత్రం అది నిద్రలో మాటిమాటికీ కుడి భుజం వెనక్కి చెయ్యి పోనివ్వడం చూశాను. రెండు రోజులుగా జ్వరం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఇంత చిన్న సంగతికి పిల్లకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మను కదిలించడమెందుకని ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి రాశాను: 'కుడి భుజం వెనక, మూడుసార్లు.'

మర్నాడు పొద్దున్న ఆరింటికి ముందే ఇంటికి తాళం వేసి మోండా మార్కెట్‌కు వెళ్లాను. అటునుంచి ఆసుపత్రికి చేరేసరికి పిల్లను స్కానింగుకు తీసుకెళ్లారు. కుడి ఊపిరితిత్తిలో, వెనకవైపు, చిన్న మచ్చ. ఫంగస్ అని డాక్టరమ్మ అనుమానం. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ పూటే మందు మొదలుపెట్టారు. తరువాత వచ్చిన ఫలితమూ అదే చెప్పింది.

ఆ మందు ఎక్కుతుంటే పిల్ల వణికిపోయేది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని, వణుకు తగ్గేదాకా చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. కిడ్నీలు దెబ్బతినకుండా రోజూ రక్తం పరీక్ష చూసి మోతాదు సరిచేసేవారు. సర్వీసులో ఎంతోమందిని చూశాను గాని అంత నికరమైన మనిషిని చూడలేదు. ఏడు వారాలకు మచ్చ మానింది.

ఇంటికి పంపే రోజున, ఆవేళ స్కానింగు ఎందుకు చేయించారని అడిగాను. ఆవిడ వింతగా చూశారు.

"మీరే ఫోన్ చేసిన్రు కద సార్. పొద్దుగాల ఆరు దాటింది. మీ ఇంటి నంబరే పడ్డది. 'కుడి భుజం వెనక, మూడుసార్లు' అన్నరు, పెట్టేసిన్రు."

మా లైను తెగి ఉందనీ, ఆ వేళకు నేను మార్కెట్లో ఉన్నాననీ చెప్పాను.

"గదేందో నాకు తెల్వది సార్. పిల్ల తాత చెప్తుండు, వినాలె అనుకున్న."

టెలిఫోను ఎక్స్ఛేంజీలో కాల్స్ వివరాలు తీయించి చూశాను. ఆ రోజున మా ఇంటి నుంచి ఏ కాలూ లేదు.

ఆ ఫోను చేసిందెవరో ఈనాటికీ నాకు తెలియదు. నేను చేయలేదు. చేసి ఉండవలసింది.