బాబుకు ఇచ్చిన గొంతు

పెద్ద సినిమా కుటుంబంలోని అబ్బాయి హీరోగా వచ్చిన మొదటి సినిమాకు నేనే డబ్బింగ్ చెప్పాను. అతనికి తెలుగు సరిగా పలకడం రాదు. తెర మీద నా పేరు వేయలేదు. ఆ తర్వాత ఒక చిన్న సినిమాలో నాకు వేషం దొరికింది.

షూటింగ్ మొదలయ్యే ముందు ఆ హీరో మేనేజర్ ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ మెల్లగా చెప్పాడు.

"ఆ సినిమాలో విన్న గొంతు నీ నోట వినిపిస్తే జనం బాబును చూసి నవ్వుతారు."

"గొంతు నాది గద సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నటించుకో, ఎవరు వద్దన్నారు?" అని లేచాడు. ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

షూటింగ్ అయిపోయింది. డబ్బింగ్‌కు మాత్రం నన్నెవరూ పిలవలేదు. డైరెక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. సినిమా విడుదలయ్యాక అమ్మను హయత్‌నగర్‌లో థియేటర్‌కు తీసుకెళ్లి చూపించాను. తెర మీద నేను నోరు తెరిస్తే ఎవరిదో సన్నటి గొంతు వచ్చింది.

"గిది నువ్వు మాట్లాడింది కాదు గద బిడ్డా," అంది అమ్మ.

బయటికి వస్తుంటే మేనేజర్ ఫోన్ చేశాడు.

"బాబు రెండో సినిమా డబ్బింగ్ ఉంది. ఎప్పుడొస్తావు?"

వస్తావా అని అడగలేదు. సోమవారం వస్తానన్నాను.