పొయ్యి వెనక కంత

ఆర్వో నీమికి చలిగాలంటే ఒళ్ళు మంట. ఎవరింటికి వెళ్ళినా కోటు విప్పకముందే గోడ వెంట అరచెయ్యి ఆనించుకుంటూ నడిచేవాడు. కిటికీ చట్రం దగ్గరో, అటక తలుపు దగ్గరో ఆగి, "ఇదిగో, ఇక్కడ దూరుతున్నాడు" అనేవాడు, దొంగ దొరికినట్టు. కాఫీకి పిలిస్తే గోడలు తడుముతాడేంటి ఈయన అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఆ ఉత్తరపు కొసనున్న ఇనుప గనుల ఊళ్ళో శీతాకాలం ఎలా ఉంటుందో నవ్వేవాళ్ళకీ తెలుసు.

గని మూతపడ్డాక మగవాళ్ళలో సగంమంది బారులో కూర్చుని కంపెనీని తిట్టుకుంటూ బతుకు వెళ్ళదీశారు. ఆర్వో మాత్రం చలి దూరకుండా ఇళ్ళు బిగించే సర్కారు పథకంలో చేరాడు. లేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అటక మీద మందంగా దూదిపొర పరచడం, సందులన్నీ గట్టిపడే నురుగుతో పూడ్చడం, వీధి గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంకా ఎక్కడ గాలి కారుతోందో పట్టుకోవడం అతని పని. అంతా అయ్యాక సగం గ్యాసుతోనే ఇల్లు వెచ్చబడేది. "వయసంతా నేలకి కంతలు పెట్టాను, ఇప్పుడు ఇళ్ళకి పూడుస్తున్నాను" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. ఆ పని అంటే అతనికి ప్రాణం. ముసలివాళ్ళు మర్నాడు ఫోన్ చేసి, రాత్రి టోపీ లేకుండా పడుకున్నామయ్యా అంటే, రోజంతా ఆ మాటే చెప్పుకు తిరిగేవాడు.

అతని దిగులల్లా అక్క హిల్యా గురించే. తల్లి పోయాక ఆర్వోని పెంచింది ఆవిడే. బడిలో వంట చేసి రిటైరై, తండ్రి కట్టిన కొయ్య ఇంట్లో ఒక్కతే ఉండేది. కిందటి శీతాకాలం నిమ్ము చేసి చావు తప్పి బయటపడింది. ఇంకో శీతాకాలం ఆ చలి కొంపలో ఉంటే ఊపిరితిత్తులు తట్టుకోవని, వృద్ధాశ్రమంలో చేర్చమని డాక్టరు తేల్చేశాడు.

"ఆ ఆశ్రమంలో సౌనా ఉందట్రా?" అని అడిగింది హిల్యా.

"ఎక్కడుంటుందక్కా. షవరుంటుంది."

"అయితే నన్ను అక్కడికి శవంగా తీసుకెళ్ళు. బతికుండగా నేను రాను."

పొయ్యి మీద రాళ్ళు కాల్చి, వాటి మీద నీళ్ళు చల్లి ఆ ఆవిరిలో చేసే వారపు స్నానం సౌనా, తాతలు పాత దేశం నుంచి తెచ్చుకున్న అలవాటు. ఆవిడ అన్నదంటే అన్నదే. కాబట్టి ఆర్వోకి మిగిలిన దారి ఒకటే, మంచు పడేలోగా ఆ ఇంటిని బిగించడం. పథకంలో ఆవిడ వంతు రావాలి. తన అక్క కదా అని ఒక్కరి ముందుకీ జరపలేదు, అంత మొండి నిజాయితీ. వంతు వచ్చేసరికి ఆకులన్నీ రాలిపోయాయి. ఒక బుధవారం పొద్దున్నే వ్యానేసుకుని వెళ్ళాడు.

ఎంత ప్రేమగా చేశాడో ఆ ఇంటిని. అటక నింపాడు. గుమ్మాలకి రబ్బరు పట్టీలు కొట్టాడు. కిటికీలకి లోపలినుంచి ప్లాస్టిక్ కాగితం బిగలాగి అంటించాడు. చివరికి నేలమాళిగలోకి దిగాడు. అక్కడే తండ్రి కట్టిన సౌనా గది. దేవదారు పలకల బల్లలు, గని ఇనుముతో ఆయన స్వయంగా అతికిన కట్టెల పొయ్యి, దాని మీద రాళ్ళు. పొయ్యి వెనక, నేల దగ్గర, పెరటి వాలు వైపున్న గోడకి బయటిదాకా అరచెయ్యి పట్టేంత కంత. దాని చుట్టూ అప్పటికే సన్నగా మంచు పేరుకుంటోంది.

ఆ కంత అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. శనివారం వచ్చిందంటే బయటినుంచి ఆ కంతలోకి నీళ్ళ గొట్టం దూర్చడం ఆర్వో పని, లోపల పట్టుకుని పీపా నింపడం నాన్న పని. ఇప్పుడు సౌనాలోకి కుళాయి వచ్చింది. ఇక ఈ కంత ఎందుకు? నురుగు గొట్టం మూతి లోపలికి పెట్టి గట్టిగా నొక్కాడు. నురుగు బుసబుసా పొంగి గట్టిపడింది. చెయ్యి ఆనించి చూశాడు. చుక్క గాలి లేదు.

తర్వాత పరీక్షలు. అతని పై అధికారి డార్లీన్, దక్షిణాన నగరం నుంచి వచ్చిన మనిషి, ఈ ఒక్క విషయంలో రాక్షసి. ఇంట్లో మండే వస్తువు ఏదున్నా సరే, తలుపులన్నీ మూసి, ఉన్న ఫ్యాన్లన్నీ తిప్పి, దాన్ని వెలిగించి చూడాల్సిందే. బిగించిన ఇంట్లో వంటింటి ఫ్యానూ, బట్టలారబెట్టే యంత్రమూ గాలిని బయటికి తోసేస్తే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు పొగగొట్టంలోంచి వెనక్కి పీలుస్తుంది, నిప్పుల్లో పుట్టే వాసనలేని విషవాయువు దాంతోపాటే లోపలికి వస్తుంది. ఆర్వో ఈ సంగతి కొత్తవాళ్ళకి పాఠంలా చెప్పేవాడు. ఇంటిని వేడిచేసే గ్యాసు ఫర్నేసు వెలిగించి చూశాడు, బాగుంది. నీళ్ళ హీటరు బాగుంది. సౌనా పొయ్యి ముందు మోకాళ్ళేసి అగ్గిపెట్టె తీశాడు.

"ఏం చేస్తున్నావురా?" మెట్ల మీదనుంచి హిల్యా అరిచింది.

"పరీక్షక్కా. ఓ రెండు కట్టెలు వేసి చూస్తాను."

"బుధవారం పూట సౌనా వెలిగిస్తారట్రా ఎవరైనా? మతి ఉండే మాట్లాడుతున్నావా? నాన్నుంటే చెవి మెలేసేవాడు. నువ్వు ముందు పైకి రా, కాఫీ చల్లారిపోతోంది."

ఆర్వోకి నవ్వొచ్చింది. సౌనా శనివారానిది. చచ్చినవాళ్ళకి నీళ్ళు పోయడానికి తప్ప మరో రోజున దాన్ని వెలిగించిన ఇల్లు అతను ఎరగడు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. "సరేలే, శనివారం నువ్వే వెలిగిస్తావుగా. పొగొస్తే ఫోన్ చెయ్యి" అంటూ మెట్లెక్కాడు. పైన నడవాలో విషవాయువు అలారం బిగించి, నొక్కి చూసి, రెండు కప్పుల కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నానికే మంచు తుఫాను పట్టుకుంది. మామూలుగా అయితే అక్క స్నానం అయ్యాక అతనూ వెళ్ళి సౌనాలో కూర్చునేవాడు, ఇద్దరూ కలిసి చేప తినేవారు. ఆ సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"ఈ మంచులో బయల్దేరకు. వాకిలి కూడా కనపడట్లేదు."

"పొయ్యి ఎలా మండుతోంది?"

"దానికేం, నాన్న పొయ్యి అది. పొగా లేదు గిగా లేదు. ఇందాక బాగా మండింది, ఇప్పుడు నిప్పులయ్యాయి, ఇక దిగుతాను." ఆవిడ గొంతు హుషారుగా ఉంది. "ఒరేయ్, ఒక మాట చెప్పనా? ఇంట్లో చొక్కాతో తిరుగుతున్నానురా. స్వెట్టరు కుర్చీకి తగిలించాను. నాన్న కట్టినప్పటినుంచీ ఈ ఇల్లు ఇలా వెచ్చగా ఉన్నది లేదు."

ఆర్వో ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు. ఆవిడ వెనకాల వంటింటి ఫ్యాను గుయ్యిమంటోంది. అప్పుడే చేప వేయించినట్టుంది. కింద తువ్వాళ్ళు ఆరబెట్టే యంత్రం దడదడా తిరుగుతోంది. రెండు చప్పుళ్ళూ అతని చెవిలో స్పష్టంగా పడ్డాయి. పడి ఏం లాభం? సంతోషంలో ఉన్నవాడి బుర్ర పనిచెయ్యలేదు.

"సౌనా తలుపు గట్టిగా మూసుకో అక్కా" అన్నాడు. "వేడి పోతుంది."

ఆదివారం రోడ్డు మీద మంచు తీయగానే వెళ్ళాడు. వాకిలి మెట్ల దగ్గరే అలారం కూత వినిపించింది. తలుపు తోస్తే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. వంటింట్లో ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. బల్ల మీద మూత పెట్టిన చేపల పళ్ళెం, పక్కన ఆవిడ చెవి మిషన్లు రెండూ. స్నానానికి వెళ్ళేవాళ్ళు వాటిని తీసిపెట్టకుండా ఎలా ఉంటారు? అవి లేకపోతే పై నడవాలో అలారం ఆవిడకి వినపడదు.

కోటు చేతిని ముక్కుకి అడ్డం పెట్టుకుని, తను అంటించిన ప్లాస్టిక్ కాగితాలు చింపి, కిటికీలు బద్దలుకొట్టి కిందికి దిగాడు. హిల్యా కింది బల్ల మీద గోడకి ఆనుకుని, తువ్వాలు కప్పుకుని కూర్చునుంది. చెంపలు ఆ వాయువుకి ఎర్రబడి ఉన్నాయి. నిమ్ము చేసినప్పటినుంచీ ఆ మొహంలో అంత రంగు అతను చూడలేదు. చెయ్యి ముట్టుకున్నాడు, కట్టెలా బిగుసుకుపోయి ఉంది. ఇక చేసేదేమీ లేదని తెలిసి కూడా పొయ్యి వెనక్కి పాకి, గోడలో నురుగుని గోళ్ళతో పీకడం మొదలుపెట్టాడు. అంబులెన్సువాళ్ళు వచ్చేసరికి వేళ్ళనిండా రక్తం. కంతలోంచి చలిగాలి రివ్వున కొడుతోంది. నీళ్ళ గొట్టం దూరేది నిజమే, కానీ నాన్న దాన్ని పొయ్యికి ఊపిరి కోసం పెట్టాడు.

విచారణలో డార్లీన్ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఆ పొయ్యి వెలిగించి చూశావా?"

"లేదు."

"ఎందుకని?"

"ఆ రోజు బుధవారం."

ఆవిడకి ఏమీ బోధపడలేదు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం వెంటనే అర్థమైంది. అతని ప్రాణం తోడేసింది అదే. "బుధవారం ఎవరు వెలిగిస్తారులేవయ్యా" అని భుజం తట్టారు. ఒక్కడైనా చొక్కా పట్టుకుని నిలదీస్తే బాగుండునని అతను చర్చి మెట్ల మీద ఎదురుచూశాడు. ఎవరూ పట్టుకోలేదు.

పని మానెయ్యలేదు. నేలమాళిగలో సౌనా ఉండి తను బిగించిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాడు. ఏ వారమైనా సరే, తలుపులన్నీ మూసి, ఫ్యాన్లన్నీ తిప్పి, పొయ్యి వెలిగించి, మంట నిప్పులయ్యేదాకా విషవాయువు కొలిచే మీటరు పట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. మంగళవారం సౌనా పొగ లేస్తే ఆర్వో వచ్చాడని వీధంతా తెలిసిపోయేది. ఎవరూ నవ్వలేదు.

క్రిస్మస్ ముందు రైమో ఇంటికి వెళ్ళాడు. ఆయన ముసలి గని కార్మికుడు, కీళ్ళవాతంతో నడుం వంగిపోయినవాడు. నిప్పులు పడ్డాక మీటరులో అంకె పైకి పాకడం ఆర్వో చూశాడు. పొయ్యి ఆర్పి, డ్రిల్లు తీసుకొచ్చి గోడకి కంత పెట్టాడు. రైమో కర్ర ఆనించుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వే పూడ్చావు, నువ్వే తవ్వుతున్నావు" అన్నాడు. "కాళ్ళు కొంకర్లు పోతున్నాయిరా నాయనా. చలి వచ్చేస్తోంది."

"రానీ బాబాయ్" అన్నాడు ఆర్వో. కంతకి అరచెయ్యి ఆనించి, అది మొద్దుబారేదాకా అక్కడే ఉంచాడు.