తాళాల తాత ఊపిరి

మా నాన్న తాళంచెవులు చేస్తాడు. బస్సులు ఆగే మలుపులో, కూర్చుంటే మోకాళ్లు బయటికొచ్చే రేకు డబ్బా ఆయన దుకాణం. ఎవరైనా ఇంటి తాళంచెవి తెస్తే దాన్ని కొత్తదాని పక్కన బిగించి, ఆకురాయితో గీసి, పొడి ఊది, మళ్లీ గీస్తాడు. ఆ ఊదడమే ఆయనకు కష్టం. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చలి ముదిరితే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

"మొదటిసారి చూసినప్పుడు నన్ను చూసి ఈల వేస్తున్నాడనుకున్నానే," అంటుంది అమ్మ ఇప్పటికీ. "తీరా చూస్తే ఈల ఛాతీది. అప్పటికే మనసు పారేసుకున్నాను, ఏం చేస్తాం!"

"ఇప్పుడైనా వెనక్కి తీసుకో," అంటాడు నాన్న దగ్గుతూ.

నా కూతురికి నాలుగేళ్లు. జలుబు చేస్తే చాలు, ఎగశ్వాస. "ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా?" అని డాక్టరుగారు అడిగితే, నాన్న బడిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"నాకండీ."

"అయితే కొంత అటునుంచే వచ్చి ఉంటుంది," అని ఆవిడ మందు రాసింది.

ఆ రోజు నుంచి నాన్న పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. పని నుంచి రాగానే గుమ్మం దగ్గరే స్టూలు వేసుకునేవాడు. పాప బొమ్మ తెచ్చి ఇస్తే చెయ్యి చాచి అందుకుని, పక్కన పెట్టేసేవాడు.

"ఇది అంటుకునేది కాదు నాన్నా," అన్నాను.

"అంటుకోకపోతే నా నుంచి దానికెలా వెళ్లిందమ్మా?"

నేను జీవశాస్త్రం చదివాను. ఆ చదువు నన్ను ఊరుకోనివ్వలేదు. "జన్యువులు నాన్నా. ఒకటి కాదు, చాలా. ఒక్కొక్కటీ ముప్పును కొద్దికొద్దిగా పెంచుతుంది. పొగ, దుమ్ము, జలుబు తోడైతే బయటపడొచ్చు, పడకపోనూవచ్చు. నాకు రాలేదుగా."

"నీకు రానిది దానికెలా ఇచ్చావు?"

"నాలో ఉండే ఉంటాయి. బయటపడలేదంతే."

ఆయన చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. "మధ్యలో నకలువి నువ్వు, తాళంలో బాగానే తిరిగావన్నమాట. అసలుదాంట్లో తేడా మాత్రం కిందికి దిగింది."

"తాళంచెవిలా కాదు నాన్నా. సగం పాప వాళ్ల నాన్న వైపు నుంచి వస్తుంది."

"అల్లుడికి ఆయాసం ఉందా?"

లేదు. ఆ మాట దాటేసి, "ఏదైనా, ఇది అంటుకోదు నాన్నా," అన్నాను. అంటుకోదని తెలిస్తే భయం వదిలి లోపలికి వస్తాడనుకున్నాను. భయం వదిలింది. మనిషి మాత్రం స్టూలు మీద నుంచి లేవలేదు.

నిన్న సాయంత్రం పాపకు మళ్లీ వచ్చింది. ఊపిరి తీస్తే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. మందు గొట్టానికున్న మాస్కు ముఖానికి ఆనించబోతే తల తిప్పేసుకుని, నా చెయ్యి నెట్టేసింది. "తాతా!" అంది. గొంతు సగమే పలికింది.

నాన్న గుమ్మంలో కదలకుండా నిలబడ్డాడు.

"పిల్ల పిలుస్తుంటే వినపడట్లేదా? చెవులక్కూడా తాళాలు వేసుకున్నావా?" అని అరిచింది అమ్మ.

అప్పుడు వచ్చాడు. నేల మీద కూర్చుని పాపను ఒళ్లోకి లాక్కున్నాడు. జేబులోంచి తన ఇన్‌హేలర్ తీసి, "ముందు నేను, తర్వాత నువ్వు," అన్నాడు. ఆయన పీల్చి ఊపిరి బిగబట్టాడు. పాప ఆయన నోటినే చూస్తూ మాస్కు పెట్టనిచ్చింది. ఆయనలాగే భుజాలు పైకెత్తింది.

"అచ్చం మీ తాత పోలికేనే!" అంది అమ్మ మురిసిపోతూ.

నాన్న ముఖం వాడిపోయింది. నెమ్మదిగా అడిగాడు. "ఏమ్మా, దాంట్లో నా నుంచి వచ్చిన ఆ కాస్తా తీసేసే దారి మీ చదువులో ఏమైనా ఉందా?"

"లేదు నాన్నా."

తల ఊపాడు. పాప వీపు మీద చెయ్యి మాత్రం తీయలేదు. మందు పట్టేదాకా నేను వాళ్ల పక్కనే కూర్చుని చెవి ఒగ్గి విన్నాను. రెండు ఛాతీల్లోనూ అదే సన్నటి ఈల. ఏది ఎవరిదో నాకు తెలియలేదు.