మరెవురి పని?

గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే బస్సులో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. నా ఒళ్ళో భూకంపాలను నమోదు చేసే యంత్రం ఉంది. విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి దేశమంతటా ఇలాంటివి పెడుతున్నాం. ఒక్క సంతకం కోసం నెలల తరబడి ఆఫీసులోనే పడి ఉండి, అది ఆ రోజే నా చేతికొచ్చింది; అందుకే నేను మహా చిరాగ్గా ఉన్నాను.

"ఏంది నాయనా ఆ పెట్టె?" అని అడిగింది. చెప్పాను.

"అయితే మొన్న మా అర్ధవీడు దిక్కు భూమి అదిరినప్పుడు మీకు తెలిసిందా?"

"నిమిషాల్లో తెలిసింది పెద్దమ్మా. చిన్నదే. ఢిల్లీకి, బయటి దేశాలకు కూడా వెంటనే తెలిసిపోయింది," అన్నాను, కాస్త గర్వంగానే.

"ఫారినోళ్ళకు తెలిసిందా! మాకెవురూ చెప్పలా. ఇంట్లోకి పోవచ్చో లేదోనని బాలింత కోడల్ని, పసిగుడ్డును పొద్దుగూకేదాకా ఎండలోనే కూచోబెట్టినాము."

"ఊళ్ళలో చెప్పడం మా పని కాదు పెద్దమ్మా," అన్నాను విసుగ్గా.

"మరెవురి పని నాయనా?"

కోపంతో అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. కంభంలో ఆమె దిగి వెళ్ళిపోయింది.

అదే ప్రశ్న పై అధికారులకు మూడుసార్లు రాశాను. అందిందన్న మాట కూడా రాలేదు. ఇప్పుడు ఏ ఊళ్ళో యంత్రం పెట్టినా అక్కడి వాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకుంటున్నాను. భూమి కదిలితే, రూల్సు ఒప్పుకోకపోయినా, నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఆమె నంబరు అడగాలని మాత్రం ఆ రోజు నాకు తోచలేదు.