డోన్ ఎవరిస్తో కోసిన ఆఖరి కాగితం

డోన్ ఎవరిస్తో తన కొట్లో అమ్మే ప్రతి బొమ్మల నవలకూ ఆఖరి కాగితం బ్లేడుతో కోసేసి, మిగతాది మాత్రమే చేతికిచ్చేవాడు. పక్క కొట్టు నేలిదా పదకొండేళ్ళుగా ఆయన్ని పిచ్చివాడనే అంటూ వచ్చింది గాని, డాక్టరెవరూ అలా అనలేదు.

బ్యూనస్ ఐరెస్‌లోని రివదావియా పార్కులో ఆదివారాలు పాత పుస్తకాల కొట్లు బారులు తీరి ఉంటాయి. ఆ వరసలో చివరి రేకు కొట్టు ఆయనది. దాన్ని ఆనుకుని బొత్తాలూ దారాలూ అమ్మేది నేలిదా. కోసిన కాగితాలను కవర్లలో పెట్టి, కొన్నవాళ్ళ పేర్లు రాసి, బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేవాడాయన. కొన్నవాళ్ళు మళ్ళీ ఆదివారం వచ్చి కథ ఎలా ముగుస్తుందో చెప్పాలి. సరిగ్గా చెబితే కాగితం ఇస్తాడు. లేకపోతే ఒకటే మాట. "తప్పు. వచ్చే ఆదివారం రండి."

ఒకసారి ఒక లాయరు మీదికొచ్చాడు.

"మొత్తం పుస్తకం కొన్నాను నేను."

"మొత్తం మీదే బాబూ. ఒక్క కాగితం మాత్రం నా దగ్గర అద్దెకుంటోంది."

"కోర్టుకెక్కుతాను."

"ఎక్కండి. ముందు ఆ ఓడ కెప్టెన్ నేరం చేశాడో లేదో చెప్పండి."

లాయరు కెప్టెన్ తరఫున అరగంట వాదించి, గొంతు తడారిపోయి, ఇంకో పుస్తకం కొనుక్కుని వెళ్ళాడు.

ఇంకోసారి ఒకాయన కూతుర్ని రెక్క పట్టుకుని తెచ్చాడు. "పదహారేళ్ళొచ్చాయి దీనికి. ఇంకా బొమ్మల పుస్తకాలేమిటండీ?"

"యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేని సైనికుడి కథండీ ఇది. చదవడానికి పదహారేళ్ళు చాలు. మీకు అర్థం కాకపోతే అమ్మాయిని అడగండి."

మరుసటి ఆదివారం తండ్రీ కూతుళ్ళిద్దరూ ముగింపు గురించి దారి పొడుగునా పోట్లాడుకుంటూ వచ్చారు. ఎవరిస్తో వాళ్ళకి నాలుగు వారాల దాకా కవరు ఇవ్వలేదు.

నేలిదా సంగతి వేరు. ఆవిడ అసలు కొనలేదు. భర్త రుబేన్ పోయాక రెండు నెలలు కొట్టు తెరవకుండా, కిటికీ కూడా తియ్యకుండా పడుకుంది. ఒకరోజు తలుపు కింద నుంచి ఒక పుస్తకం లోపలికి జారింది. రైళ్ళు ఆగడం మానేసిన ఊరి స్టేషన్లో రోజూ మంచి బట్టలు కట్టుకుని ఎదురుచూసే ఆడమనిషి కథ అది. ఏడవడానికి కూడా ఓపిక లేక నేలిదా దాన్ని చదివింది. చివరికొచ్చేసరికి కాగితం లేదు. ఆ ఆదివారం ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పార్కుకొచ్చింది.

"ఎక్కడయ్యా దీని చివర?"

"మీరే చెప్పండి, నేలిదమ్మా."

"చెప్పడానికేముంది. ఇంటికెళ్ళి మాతే టీకి నీళ్ళు పెట్టుకుంటుంది. ఇంకేం చేస్తుంది పాపం."

ఎవరిస్తో కవరు తెరిచి చాలాసేపు చూశాడు. "తప్పు. వచ్చే ఆదివారం రండి. వచ్చేటప్పుడు మీ కొట్టు తాళంచెవి కూడా తెచ్చుకోండి, తుప్పు పడుతుంది."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ ఒకే సొరకాయ బుర్రలో చేతులు మార్చుకుంటూ మాతే తాగుతూ అదే గొడవ. రైలొచ్చింది. రైలొచ్చింది గాని అందులో ఎవరూ లేరు. ఆవిడే స్టేషన్ మాస్టరయింది. స్టేషన్ మాస్టర్నే కట్టుకుంది. పదకొండేళ్ళపాటు అన్నీ తప్పే. ఆ ముగింపు తెలియకుండా చచ్చిపోతానేమోనని నేలిదాకి నిజంగానే దిగులుండేది.

చచ్చిపోయింది మాత్రం ఎవరిస్తో. ఈ ఏడు ఆకులు రాలే రోజుల్లో, ఒక గురువారం, కుర్చీలోనే పోయాడు. శ్మశానానికి పార్కంతా కదిలొచ్చింది. అందరూ మనసారా ఏడ్చారు. ఏడుస్తూనే "నా కవరు ఏమైనట్టు?" అని ఒకరి చెవిలో ఒకరు గొణుక్కున్నారు.

ఆదివారం నేలిదా ఆయన కొట్టు తెరిచింది. అలవాటు కొద్దీ మాతే కలిపి పక్కకి చాచింది. అందుకునే చెయ్యి లేదు. ఆ క్షణంలో కలిగిన దుఃఖం రుబేన్ పోయినప్పటిదానికి ఏమాత్రం తీసిపోలేదు. కాసేపు బొత్తాల పెట్టె మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని, డబ్బాలోంచి తన పేరున్న కవరు తీసింది.

కాగితం నిండా ఒకటే బొమ్మ, మాటలు లేవు. స్టేషన్లో కట్టుకున్న ఆ మంచి బట్టలతోనే, ఆ ఆడమనిషి తన వంటింట్లో పొయ్యి మీద మాతేకి నీళ్ళు పెడుతోంది.

మొదటి ఆదివారమే సరిగ్గా చెప్పిందన్నమాట.

"ముసలి దొంగ," అంది నేలిదా. ఐదారు వందల ఆదివారాలు కళ్ళార్పకుండా అబద్ధమాడాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేసరికి మాతే పొలమారింది.

అంతలో బస్సు డ్రైవరు ఆన్సెల్మి వచ్చి నిలబడ్డాడు. పోయిన నెలే భార్య వదిలి వెళ్ళిపోయిన మనిషి. గడ్డం పెరిగి ఉంది, చొక్కాకి రెండు బొత్తాల్లేవు.

"పాపం పెద్దాయన," అన్నాడు. "నా కవరుందా అమ్మా? ఆ ముసలి బాక్సరు ఓడిపోతాడు. ఓడిపోయి నవ్వుతాడు. అంతేనా?"

నేలిదా కవరు తెరిచి చూసింది. బాక్సరు బోర్లా పడి, పళ్ళు రాలిన నోటితో హాయిగా నవ్వుతున్నాడు. ఆవిడ చాలాసేపు చూసి, కవరు మూసి డబ్బాలో పెట్టింది.

"తప్పు," అంది. "వచ్చే ఆదివారం రా నాయనా. ఆ చొక్కాయే వేసుకు రా, బొత్తాలు కుట్టిపెడతాను."