మా నాయన ఎత్తు పెంచిన జీపు

మా నాయన శాంతిరాజును పంజాగుట్టలో అందరూ పిరికి మేస్త్రి అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "భయమున్నోని చేతిల పెడితేనే బండి బాగుంటది" అని తలవంచుకుని తన పని తాను చేసుకునేవాడు.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో మా పెదనాయన ఏసోబు, నాయన కలిసి మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక లారీల షెడ్డులో పనిచేసేవారు. ఒకనాడు పెదనాయన లారీ చక్రానికి గాలి కొడుతుంటే, టైరును పట్టి ఉంచే ఇనుప కట్టు ఊడి ఎగిరింది. నాయన రెండడుగుల అవతల సుత్తె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఏం చూశాడో మాకు ఎన్నడూ చెప్పలేదు. అన్నను నారాయణగూడ సమాధుల తోటలో పెట్టి వచ్చిన వారానికి ఆ షెడ్డు మానేసి, పంజాగుట్టలో మా ఇంటి పక్కనే రేకులు వేసుకుని సొంత పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఏ చక్రానికి గాలి కొట్టాలన్నా దాన్ని గొలుసులతో చుట్టి గోడ అవతల పెట్టేవాడు. గోడకు కంత చేసి, అందులోంచి రబ్బరు గొట్టం పంపి, ఇవతల నుంచి పంపు కొట్టేవాడు.

మొదట్లో బండ్లు రాలేదు. అన్న చక్రం పేలి చచ్చిపోయిండు, తమ్ముని పనిని నమ్మేదెట్లా అన్నారు. అప్పుడు నాయన ఒక మాట చెప్పడం అలవాటు చేసుకున్నాడు. "రిపేరు అయినంక మొదలు మా ఇంటి మనిషి ఎక్కుతది. నేను నడుపుత. ఆ తర్వాతనే మీరు ఎక్కుండ్రి."

అలా అమ్మ ఎక్కేది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది. నా ఐదో తరగతిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. నన్ను బడి మాన్పించారు. ఇంటి పని, అమ్మ పని, షెడ్డులో పానాలు అందించే పని నాకు వచ్చాయి. వాటితో పాటు బండిలో కూర్చునే పనీ వచ్చింది. ఎక్కిన ప్రతిసారీ అరచేతులు తడిసిపోయేవి. నాయన చేతులూ తడిగానే ఉండేవి. స్టీరింగు మీద గుడ్డ చుట్టుకునేవాడు.

నలభై ఆరులో, వానలకు ముందు, రాజనర్సయ్య జీపు తెచ్చాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో బట్టల దుకాణం పెట్టి, తర్వాత అడవి కలప కాంట్రాక్టు పట్టిన మనిషి. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వదిలించుకున్న జీపు అది. వెనకాలే ఒక ఎడ్లబండిలో నాలుగు పెద్ద టైర్లు వచ్చాయి. అవి మిలటరీ ట్రక్కువి.

"శాంతిరాజూ, గీ టైర్లు దీనికి ఎక్కాలె" అన్నాడు రాజనర్సయ్య.

నాయన టైరు పక్కన జేన పెట్టి కొలిచాడు. "పట్టయి సేటు. సక్రాల మీది రెక్కలకు రాసుకుంటయి."

"అందుకే నీ దగ్గరికి తెచ్చిన. బండిని పైకి లేపు. వాన పడితే అడవిల నల్లరేగడి మోకాళ్ల దాక వస్తది. పోయినేడు నా కూలోళ్లు రెండు దినాలు బురదల తిండి లేక కూసున్నరు. ఈసారి ఎనిమిది మందిని ఎక్కించుకొని పోవాలె గీ బండి."

"లేపితే పొర్లుతది సేటు."

రాజనర్సయ్య డ్రైవరు సారయ్య గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. "పొర్లితే నేను దుంకుత గని, నువ్వు జర మనసు జెయ్యి మేస్త్రీ. గాలి కొట్టెతందుకే గోడ సాటుకు పోయేటోనివి, నిన్నెవలు ఎక్కమన్నరు అడవిల" అన్నాడు. నాయన కూడా నవ్వాడు. కానీ ఒప్పుకున్నాడు. ఆ ఎనిమిది మంది మాట ఆయన మీద పనిచేసిందని నా అనుమానం.

పని ఆరు రోజులు పట్టింది. బండిని మోసే కమాను కట్టలు నాలుగూ విప్పి, కమ్మరి దగ్గర వంపు పెంచి, ఒక్కో కట్టకు రెండు పట్టీలు అదనంగా వేశాడు. జీపు ఐదు వేళ్ల ఎత్తు లేచింది. రెక్కల అంచులు కోసి లోపలికి మడిచాడు. టైర్లు గొలుసుల్లో చుట్టి గోడ అవతల గాలి పట్టించి ఎక్కించాడు. అప్పుడు కనబడింది ఇంకో చిక్కు. బండి పైకి లేచేసరికి, పైనుంచి ముందు చక్రానికి దిగే బ్రేకు రబ్బరు గొట్టం తాడులా లాగుకుపోయింది. నాయన దాన్ని వేలితో మీటి చూశాడు. అది తెగితే బ్రేకు ఉండదు. సాయంత్రం పోయి లారీకి వేసే పొడుగు గొట్టాలు రెండు తెచ్చి బిగించాడు. చక్రాన్ని ఇటు, అటు చివరిదాకా తిప్పి, టైరుకూ గొట్టానికీ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు పట్టింది.

ఏడో నాడు రాజనర్సయ్య ఇసుక బస్తాలు తెచ్చి జీపు నిండా వేయించాడు. ఎనిమిది మంది బరువుతోనే చూస్తానన్నాడు. సారయ్య వాకిట్లోనే స్టీరింగు ఎడమకు చివరిదాకా తిప్పి జీపును మళ్లించాడు. నేను జీపుకు ఎదురుగా గడప దగ్గర నిలబడి ఉన్నాను. చక్రం మళ్లీ తిన్నగా అయ్యాక, ఎడమ ముందు టైరు లోపలి పక్క మీద ఒక గీత కనిపించింది. టైరంతా షెడ్డు దుమ్ము. ఆ బెత్తెడు మేర మాత్రం తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది. దేనికో రాసుకుంది అనుకున్నాను.

చెప్పాలి. కానీ అప్పుడే రాజనర్సయ్య నాయన భుజం తట్టి, "పిరికి మేస్త్రి అన్నోళ్లకు సూపియ్యి ఇగ" అంటున్నాడు. నాయన ముఖం వెలిగి ఉంది. ఆ మగవాళ్ల మధ్యకు పోయి మాట్లాడటానికి నాకు నోరు పెగల్లేదు. నాకేం తెలుసు, ఆయన వేలు పెట్టి చూశాడు కదా అనుకున్నాను. "ఎక్కు బిడ్డా" అన్నాడు నాయన. ఎక్కాను.

ఇంతకుముందు బండ్లలో కూర్చుంటే నేల దగ్గరగా ఉండేది. ఇందులో గోడ మీద కూర్చున్నట్టుంది. రాజనర్సయ్య, సారయ్య వెనక బస్తాల మీద కూర్చున్నారు. గుట్ట మీదికి రాళ్ల బండ్లు పోయే బాట పట్టాం. బాట ఎడమకు తిరిగిన ప్రతిచోటా నా కాళ్ల కింద గుడ్డ చింపినట్టు సన్నని చప్పుడు. ఇంజను మోతలో అది వాళ్లకు వినబడలేదు. నేను దాని కోసమే చెవులు పెట్టుకుని ఉన్నాను.  ప్రార్థన మొదలుపెడితే మొదటి మాట దగ్గరే తప్పిపోయేది.

పైన బండల మధ్య చోటు చాలక నాయన స్టీరింగు చివరిదాకా తిప్పుతూ ముందుకూ వెనక్కూ మూడుసార్లు మళ్లించాడు. ఆ చప్పుడు పొడుగ్గా వచ్చింది. ఇప్పుడు ముందు దిగుడు ఉంది. కింద బండలు, వాటి అవతల గుడిసెలు, గుడిసెల ముందు ఎవరో బియ్యం చెరుగుతున్నారు.

"పోనియ్యి మేస్త్రీ" అన్నాడు రాజనర్సయ్య.

నేను నాయన చొక్కా పట్టుకున్నాను. "నాయినా, దిగకు."

"ఏమైంది బిడ్డా?"

"టైరు గొట్టానికి రాసుకుంటుంది."

"నేను వేలు పెట్టి సూసిన గద."

"అప్పుడు బస్తాలు లేవు."

నాయన చేతి బ్రేకు లాగి, దిగి, ముందు చక్రం పక్కన బోర్లా పడుకున్నాడు. నేనూ వంగి చూశాను. గొట్టం పైరబ్బరు అరిగిపోయి లోపలి దారాలు తేలాయి. దారాలు తడిగా ఉన్నాయి. నాయన ఆ తడిని వేలికి అద్దుకుని వాసన చూశాడు. అది బ్రేకు నూనె.

"తెగుతదని భయపడి పొడుగుది ఏసిన" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "బరువు పడంగనే బండి కిందికి దిగింది. ఎక్కువున్న గొట్టం వంగి బుడ్డలెక్క టైరు మీదికి వొచ్చింది. ఉత్త బండి మీద సూసి మురిసిన."

సారయ్య బీడీ పడేశాడు. 

"వాకిట్లనే సూసిన నాయినా" అన్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆయన నా వైపు చూశాడు. "గప్పుడే జెప్పాలె బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. అంతే.

రాజనర్సయ్యకు మాత్రం తొందరగా ఉంది. మబ్బు పట్టింది, తెల్లారితే కూలోళ్లు బయలుదేరాలి. "ఇంక తెగలే గద. సిన్న గేరుల సారయ్య దించుతడు. కిందికి పోయినంక ఏదన్న జెయ్యి" అన్నాడు.

"నేను దించుత సేటు" అని సారయ్య స్టీరింగు ముందుకు వచ్చి కూర్చున్నాడు.

నాయన లేచాడు. బానెటు ఎత్తి, ఇంజను పక్కనున్న గిన్నె మూత తీసి, వేలెడంత నల్లటి ముక్క లాగి జేబులో వేసుకున్నాడు. అది లేకపోతే ఇంజను రాజుకోదు. 

"ఏందిది?" అన్నాడు రాజనర్సయ్య. "బండి నాదా నీదా? పిరికోడు పిరికోడంటె గింత పిరికోడా?"

"అవు సేటు, భయమైతుంది. దించనియ్య."

రాజనర్సయ్య చాలా మాటలన్నాడు. మంచాన పడ్డ మా అమ్మను కూడా అన్నాడు. నాయన జీపు ముందు నిలబడి, జేబు మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. మాట ఆగిన తర్వాత నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టి, నన్ను ఇంటికి పంపించాడు. పాత పొట్టి గొట్టం, ఒక ఇనుప పట్టీ, పానాలు, బ్రేకు నూనె డబ్బా తెమ్మన్నాడు. నేను పరుగెత్తి దిగాను, పరుగెత్తి ఎక్కాను.

పొట్టి గొట్టమే మళ్లీ వేశాడు. దాని పైకొసను పట్టే చోటును ఇనుప పట్టీతో కిందికి దించాడు. అప్పుడు అది లాగుకోలేదు, వంగి టైరు మీదికి రాలేదు. కుడివైపు గొట్టానికీ అదే చేశాడు. తర్వాత ఇసుక బస్తాల మీద రాజనర్సయ్యనూ సారయ్యనూ ఎక్కి గెంతమన్నాడు. రాజనర్సయ్య పంచె ఎగగట్టి, తిట్టుకుంటూనే గెంతాడు. నాయన స్టీరింగు తిప్పుతుంటే నేను నేల మీద చెంప ఆనించి చూశాను.

"తాకుతుందా?"

"లేదు."

"మల్ల సూడు. జోరుగ గెంతుండ్రి."

"లేదు నాయినా."

ఎన్నిసార్లో లెక్కలేదు. ఆ తర్వాత నాయన జేబులోని నల్లటి ముక్కను మళ్లీ గిన్నెలో పెట్టి, ఎక్కాడు. నేను ఎక్కబోతే వద్దన్నాడు. "ఇంటి మనిషి ఎక్కుడు ఇయ్యాల్టితోని బందు. నువ్వు ఎనక నడువు, సక్రం సూసుకుంట రా."

రాజనర్సయ్యను ఎవరూ దిగమనలేదు. ఆయనే దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని నా పక్కన నడిచాడు. జీపు పెద్ద టైర్లతో ఒక్కొక్క బండనూ తడుముకుంటూ, ఆగుతూ దిగింది. ఆగిన ప్రతిసారీ నిజంగానే ఆగింది. కింద బాట మీదికి చేరాక నాయన స్టీరింగు వదల్లేకపోయాడు. సారయ్య బస్తాల మీంచి దిగి వచ్చి ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు.

"రేపు కూలోళ్లు పోవొచ్చునా?" అని రాజనర్సయ్య అడిగాడు. గొంతు తగ్గింది.

నాయన నా వైపు చూపించాడు. "సూసింది ఆమె. ఆమెనడుగు."

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను మళ్లీ చక్రం దగ్గరికి పోయి, కూర్చుని, గొట్టాన్ని చివరిదాకా తడిమి చూసి లేచాను.

"పోవొచ్చు" అన్నాను.

తెల్లారి ఎనిమిది మందీ అందులోనే పోయారు. ఆ వానాకాలమంతా ఆ అడవి ఉన్న ఉత్తరం దిక్కున ఉరిమినప్పుడల్లా నాయన షెడ్డులోంచి వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. పొయ్యి మీద ఏమున్నా దించి, నేనూ పోయి ఆయన పక్కన నిలబడేదాన్ని.